ముందుగాల ఎవరు మాట్లాడాలె?

వరంగల్,
12 ఫిబ్రవరి 1983

"నలుగురి మాట" వారపత్రిక సంపాదకులు గారికి, వరంగల్ మిర్చి బజారు నుంచి అడ్తి వ్యాపారి వెంకట్రాజం నమస్కారం చేసి రాస్తున్నది.

ఇక్కడ మేమంత క్షేమం. క్షేమమే గాని మనసు బాగలేదు. దానికి కారణం మీ పత్రికనే.

మీ పత్రికల "మీరే అడగండి, మీరే చెప్పండి" అని ఒక పేజీ ఉన్నది గదా. ఒకరు ప్రశ్న అడుగుడు, తెలిసినోళ్ళు జవాబు రాసుడు, చదివెటోళ్ళు మార్కులేసుడు, మీరు వరుస పెట్టి అచ్చేసుడు. మంచిగున్నది, కాదంటలేను. పోయిన నెల హసన్‌పర్తి నుంచి భారతి అనే అమ్మాయి అడిగింది: "ఆలుమగలు గొడవపడి మాటలు మానేస్తే ముందుగా ఎవరు మాట్లాడాలి?" అని. ఈ ప్రశ్నకు నేను రాయకుంటె ఇంకెవరు రాస్తరు? మా బజార్ల ఎవరింట్ల లొల్లయినా నా గద్దె కాడికే వస్తరు. రైతుకు, కొనెటోనికి తూకం కాడ పేచీ వస్తె నేను చెప్పిందే మాట. అన్నదమ్ములు ఇల్లు పంచుకుంటె గోడ ఎక్కడ లేవాల్నో నేనే సుద్దముక్క తోని గీస్త.

అందుకే రాసిన: "ముందుగాల మొగోడే మాట్లాడాలె. దానితోని మొగోని ఇజ్జత్ ఏం తగ్గది. నేను పెండ్లయిన కాడి నుంచి నా ఇంట్ల ఇదే పద్ధతి పాటిస్తాన." ఇంతకంటె సక్కటి జవాబు ఉంటదా? మీరే చెప్పుండ్రి.

ఈ వారం పత్రికల చూస్తె ఆరు జవాబులల్ల నాది నాలుగోది! మొదటిది ఎవరిదయ్యా అంటె పరకాల మల్లికార్జున్ అనెటాయనది. ఏం రాసిండు ఆయన? "ఎవరికి ముందు ఆకలైతే వాళ్ళు." గంతే! నాలుగు ముక్కలు! ఇది జవాబా, హోటల్ బోర్డా?

నాకు పత్రిక మీద కోపం లేదు. ఎక్కడనో పొరపాటయింది. సరిచేసి వచ్చే వారం నన్ను పైన పెట్టుండ్రి.

ఇట్లు,
వెంకట్రాజం

తా.క. నా జవాబు కింద పేరు "వెంకటరాజు" అని పడ్డది. ఆయనెవరో నాకు ఎరికలేదు. ఆ నాలుగో స్థానం ఆయనకే ఉంచి, నా పేరు మీద మొదటిది ఇయ్యుండ్రి.


హనుమకొండ,
18 ఫిబ్రవరి 1983

శ్రీ వెంకట్రాజం గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం సంపాదకులు నాకిచ్చారు. జవాబుల పేజీ చూసేది నేనే. పేరు తప్పు పడినందుకు మన్నించండి.

వరుస విషయంలో మాత్రం పొరపాటేమీ లేదు. మార్కులు వేసేది మేం కాదు, పాఠకులు. పత్రికలో కూపను ఉంటుంది. అందులో ఆరుగురి పేర్లు, ఒక్కో పేరు ఎదురుగా ఒక ఖాళీ గడి. ఆ జవాబుకు పదికి ఎన్ని మార్కులు ఇవ్వదలిచారో గడిలో రాసి, కూపను కత్తిరించి, కార్డు మీద అంటించి పంపుతారు. మేం కూడి, వచ్చిన కార్డులతో భాగించి సగటు తీస్తాం. ఈ నియమం పేజీ అడుగున అచ్చు వేశాం. అక్షరాలు చిన్నవని మా ఇంట్లోవాళ్ళు కూడా అంటున్నారు.

ఇప్పుడు వేసింది మొదటి విడత కార్డుల లెక్క మాత్రమే. మార్చి నెలాఖరు దాకా కూపన్లు వేస్తాం, కార్డులు తీసుకుంటాం. తుది వరుస ఉగాది సంచికలో వస్తుంది. మొదట నిలిచిన వారి ఫొటో వేస్తాం. కాబట్టి మీరు నిరాశపడనక్కరలేదు. ఒక్క మాట మాత్రం చెప్పాలి. సరైన జవాబు, జనం మెచ్చిన జవాబు ఎప్పుడూ ఒకటే కానక్కరలేదు. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే.

భవదీయురాలు,
విజయలక్ష్మి

తా.క. మీ జవాబు అసలు ప్రతి ఏడు పేజీలు. మీ తాతగారి పెళ్ళి భోజనాలతో మొదలైంది. మేం కోసేసిన భాగం వల్ల మీకు మార్కులు తగ్గలేదని ధైర్యంగా చెప్పగలను.


వరంగల్,
25 ఫిబ్రవరి 1983

విజయలక్ష్మి చెల్లెకు, అన్న వెంకట్రాజం దీవించి రాస్తున్నది.

సంపాదకులు అని రాసిన గాని నువ్వు ఆడపిల్లవని తెల్వదు. చెల్లె అన్నందుకు ఏమనుకోకు. బజార్ల అందరు నాకు చెల్లెండ్లు, తమ్ముండ్లే.

రూలు అర్థమైంది. జనం మెచ్చాలె, అంతే గదా? ఇగ ఫికర్ లేదు. జనం నా దగ్గర ఉన్నరు! పరకాల ఆయన కాడ ఎవరున్నరు? ఆయన, ఆయన ఆకలి.

నిన్న బుక్‌స్టాలు కాడికి పోయి మీ పత్రికలన్ని కొనుక్కొచ్చిన. ఇంకా తెప్పియ్యమన్న. నా గుమాస్తా గోపాల్ కత్తెర పట్టుకొని పొద్దంత కూపన్లు కత్తిరిస్తాండు. అడ్తి దుకాణాలు, తూకం కాడి వాళ్ళు, హమాలీలు, చాయ్ హోటల్ వాళ్ళు, అందరికి పంచుతాన. నేను ఎవరికి చెప్పిందీ లేదు, బతిమిలాడిందీ లేదు. "చూసి, మన జవాబు ఏ తీరుదో మీ మనసుకు తోచింది రాయుండ్రి" అన్న. నవ్వుకుంట తీసుకపోయిన్రు. మా హమాలీ కట్టయ్య అయితె "సేటూ, నువ్వు చెప్పాల్నా, నీదేందో మాకెరికే, ఆ పరకాలాయనది ఏందో గూడ మాకెరికే" అన్నడు.

ఫొటో దిగొచ్చిన. దీనితోని పంపుతాన. జర పెద్దగ వెయ్యి.

ఇట్లు,
అన్న వెంకట్రాజం

తా.క. మా ఇంటామె సుగుణకు గూడ కూపను ఇద్దామని పోతె "నేను ఎప్పుడో పంపిన" అన్నది. చూసినవా? నేను అడుగకముందే! ఇల్లంటె అట్లుండాలె.


హనుమకొండ,
2 ఏప్రిల్ 1983

వెంకట్రాజం గారికి నమస్కారాలు.

ఉగాది సంచిక అచ్చుకు పోకముందే మీకు ఒక మాట చెప్పడం ధర్మమని రాస్తున్నాను. కొంచెం కూర్చుని చదవండి.

మీ బజారు నుంచి కార్డులు గోనెసంచిలో వచ్చాయి. ఇన్నేళ్ళలో ఏ ప్రశ్నకూ ఇన్ని రాలేదు. సంచి విప్పగానే మా ప్యూను తుమ్మడం మొదలుపెట్టాడు, ఇంకా ఆపలేదు. లెక్క నేనే కూర్చుని వేశాను. తప్పేమోనని మళ్ళీ వేశాను.

పరకాల మల్లికార్జున్ గారికి దాదాపు పదికి పది. మీకు పదికి ఒకటి. మీది ఆరో స్థానం, అంటే చివరిది. ఇంత తక్కువ సగటు మా పేజీలో ఇంతవరకూ ఎవరికీ రాలేదు.

నాకూ బాధగానే ఉంది. మీ ఫొటో వెనక్కి పంపమంటే పంపుతాను.

భవదీయురాలు,
విజయలక్ష్మి

తా.క. ఫొటో బాగుంది. మా సంపాదకులు చూసి, ఈయనను ఏదైనా వేరే పేజీలో వేద్దామా అన్నారు. వేరే పేజీ అంటే రాశిఫలాలు ఒక్కటే ఉంది.


వరంగల్,
4 ఏప్రిల్ 1983

చెల్లె విజయలక్ష్మికి, వెంకట్రాజం రాస్తున్నది.

పదికి ఒకటా?

చెల్లె, తూకంల ఈ తీరు మోసం నేను చూడలేదు. ఇది ఎవరి పనో నాకు తెలుసు. పత్తి బజారోళ్ళది! పోయినేడు ఒక పంచాయితిల నేను రైతు దిక్కు మాట్లాడిన్నని ఇప్పటికి మనసుల పెట్టుకున్నరు. నా మీద కోపం నా జవాబు మీద తీసిన్రు. వాళ్ళే కట్టలు కట్టలు కార్డులు పంపి ఉంటరు.

లేకపోతె మీ ఆఫీసుల ఎవరికో పరకాల తోని చుట్టరికం ఉండాలె. ఎందుకంటె పరకాల నాకు అత్తగారి ఊరు. ఆ ఊరోళ్ళ సంగతి నాకు మంచిగ ఎరికే. మా బామ్మర్ది ఒక్కడే చాలు.

నాకు న్యాయం కావాలె. ఎవరెవరు ఒకటి వేసిన్రో పేర్లు పంపు. నేను ఎవర్ని ఏమనను. ఎదురుపడ్డప్పుడు ఊకె ఒకసారి చూస్త.

ఇట్లు,
వెంకట్రాజం

తా.క. మీ ప్యూనును జీలకర్ర నమలమను. తుమ్ములు తగ్గుతయి. ఆయన మీద నాకు కోపం లేదు.


హనుమకొండ,
5 ఏప్రిల్ 1983

వెంకట్రాజం గారికి,

మా ఆఫీసులో ఎవరికీ పరకాలలో చుట్టాలు లేరు. నాకున్న చుట్టాలందరూ ఖిలా వరంగల్‌లో ఉన్నారు. వాళ్ళకు మా పేజీ సంగతే తెలియదు.

లెక్కలో మోసం అన్న మాట నాకు కష్టం కలిగించింది. అందుకే చెప్పకూడనిది చెబుతున్నాను. మీకు ఒకటి వేసిన కార్డులు పత్తి బజారువి కావు. అన్నీ మీ మిర్చి బజారువే. చిరునామాలు ఉన్నాయి, మీ దుకాణం వరుసవే. పత్తి బజారు నుంచి వచ్చినవి కొద్దిగానే ఉన్నాయి. వాటిలో మీకు ఏకంగా పదులే వేశారు. మీరు ఎవరిని శత్రువులనుకుంటున్నారో వాళ్ళే మిమ్మల్ని మోశారు.

పేర్లు పంపడం మా పద్ధతి కాదు. కానీ బయటివాళ్ళను అనుమానించే ముందు ఒక సంగతి తెలుసుకోండి. మొదటి విడతలోనే ఒక కార్డు మీ ఇంటి నంబరుతో వచ్చింది. అందులోనూ మీకు ఒకటే ఉంది.

విజయలక్ష్మి

తా.క. జీలకర్ర పనిచేసింది. ప్యూను నమస్కారాలు చెప్పమన్నాడు.


వరంగల్,
9 ఏప్రిల్ 1983

విజయలక్ష్మికి,

నీ ఉత్తరం అందింది. అందకుంటె బాగుండు.

బజార్ల తిరిగి అడిగిన. సిగ్గు లేదు చెల్లె ఒక్కనికి! "సేటూ, నీకు ఒకటే వేసినం! ఇంకేం వేస్తం!" అని మొకం మీదనే నవ్వుకుంట చెప్తాన్రు. కట్టయ్య అయితె భుజం మీద బస్తా దించి మరీ చెప్పిండు. "నీకు ఒకటి, పరకాలాయనకు పది, ఇంటోళ్ళందరి తోని గట్లనే వేయించిన" అని. నేను వాని బిడ్డ పెండ్లిల ముందుండి నడిపిచ్చినోన్ని. ఇప్పుడు నేను ఎవరింట్ల చాయ్ తాగుతలేను. గద్దె మీద గూసుంటాన గాని ఎవరి పంచాయితి వింటలేను.

ఇగ ఇంటి సంగతి. సుగుణను అడిగిన. "ఒకటేసినవా?" అన్న. "ఔ, వేసిన" అన్నది. గంతే. బియ్యం ఏరుకుంట ఏరుకుంటనే అన్నది, తల గూడ ఎత్తలేదు. ఎందుకు అని నేను అడుగలేదు. ఆమె చెప్పలేదు. ఆ పొద్దు సంది మాటల్లేవు.

మర్నాడు వాళ్ళ అన్న ఇంట్ల ఏదో పని ఉన్నదని పరకాల పోయింది. పరకాల! పండుగ దగ్గరికొచ్చింది, ఇంక రాలేదు. కబురు లేదు. నేను హోటల్ల తింటాన. ఆ ఇడ్లీలు తూకానికి పనికొస్తయి, తినుడుకు పనికిరావు.

నేను పోను. ముందుగాల నేనెందుకు మాట్లాడుత? తప్పు చేసింది నేను కాదు. పెండ్లయిన కాడి నుంచి నా పక్కన ఉన్న మనిషి నాకు పదికి ఒకటేసిందంటె, ఇగ ఊరంత పదేసినా నాకేం సంబురం? ఆరోది కాదు, అరవయ్యోది ఇచ్చినా తీసుకుంట. మీ పేజీల నుంచి నా పేరు తీసెయ్యి. ఆ వెంకటరాజు పేరే ఉండనియ్యి.

ఇట్లు,
వెంకట్రాజం

తా.క. ఇంట్ల పచ్చడి జాడీ ఎక్కడ పెట్టిందో దొరుకుతలేదు. నీకు ఎట్లా తెలుస్తది, ఊకె రాసిన.


హనుమకొండ,
11 ఏప్రిల్ 1983

అన్నయ్యకు,

కోపం పక్కన పెట్టి ఈ ఉత్తరం నిలబడి అయినా సరే పూర్తిగా చదవండి.

నిన్న సాయంత్రం ఏడాదికి సరిపడా కారం కోసం ఎండు మిర్చి కొనడానికి మా అమ్మతో పోయాను. మొగిలమ్మ అని, మేం ఎప్పుడూ ఆమె దగ్గరే కొంటాం. కుప్పలు చూపిస్తూ "ఇది ఒకటో నంబరు బిడ్డా, ఇది రెండో నంబరు, అగో అది తాలు" అంది. ఒకటో నంబరు ఎర్రగా, నిగనిగలాడుతోంది. తాలు తెల్లబడి పోయి ఉంది. నాకు అక్కడే ఏదో తట్టింది. "పదో నంబరు ఉందా?" అని అడిగాను. ఆమె నన్ను పైకీ కిందికీ చూసి, "పదో నంబరా? అది బర్రెలు గూడ ముట్టయి!" అంది.

మిర్చి కొనకుండానే ఆఫీసుకు పరుగెత్తాను.

అన్నయ్యా, మీవాళ్ళకు మీరు కూపను మాత్రమే కత్తిరించి ఇచ్చారు. మార్కుల నియమం పేజీ అడుగున ఉండిపోయింది. వాళ్ళ చేతికి వచ్చింది పేర్లూ, ఖాళీ గడులూ. మిర్చి బజారు మనిషికి ఖాళీ గడి ఇచ్చి ఇది ఏ తీరుదో రాయమంటే ఏం రాస్తాడు? సరుకుకు రాసిందే రాస్తాడు! మీది ఒకటో నంబరు. పరకాల ఆయనది పదో నంబరు. మీ మీద ఎంత ప్రేమ ఉంటే మీకు అంత తక్కువ మార్కులు పడ్డాయి. రోజంతా నంబర్లు చూసే మీకు తట్టలేదు, కూడికలు చేసిన నాకూ తట్టలేదు.

సంపాదకులకు చెప్పాను. మీ బజారు కార్డులన్నిటిలో ఒకటిని పదిగా, పదిని ఒకటిగా తిప్పి లెక్క వేశాం. మీది మొదటి స్థానం. ఉగాది సంచికలో మీ ఫొటో వస్తుంది, రాశిఫలాలలో కాదు.

ఇక అసలు సంగతి. వదినగారూ మిర్చి వ్యాపారి ఇల్లాలే కదా. ఆమె వేసిన ఒకటి ఏ ఒకటో ఇప్పటికైనా అర్థమైందా? ఈ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని పరకాల బస్సు ఎక్కండి. మీ జవాబులో మీరేం రాశారో మీకు గుర్తు చేయనక్కరలేదు.

మీ చెల్లెలు,
విజయలక్ష్మి

తా.క. ఇంట్లోనుంచి వెళ్ళిన మనిషి పచ్చడి జాడీని అటక మీద పెట్టి ఉంటుందని మా అమ్మ అంటోంది. ఆమె కూడా ఒకసారి అట్లాగే పెట్టిందట.


వరంగల్,
13 ఏప్రిల్ 1983

నా బంగారు చెల్లె విజయలక్ష్మికి, అన్న వెంకట్రాజం ఆశీర్వదించి రాస్తున్నది.

నేను ముందే అనుకున్న! నా బజారు నన్ను తప్పు పట్టదని నాకు మొదటి నుంచి నమ్మకమే. మధ్యల ఏదో రాసినట్టున్న, అది చింపెయ్యి.

నీ ఉత్తరం చదివి, గద్దె మీది నుంచి లేచి, కట్టయ్యను కావలిచ్చుకున్న. వాడు పరేషానై "సేటు, పాణం బాగలేదా, దవాఖానకు పోదామా" అన్నడు. అట్లనే బస్టాండుకు పోయి పరకాల బస్సెక్కిన. మా బామ్మర్ది గుమ్మంల నిలబడి నోరు తెరిచిండు. ఆయనను దాటుకొని లోపలికి పోయిన.

పోయి, ముందుగాల నేనే మాట్లాడిన చెల్లె! ఎట్ల మాట్లాడిన్నంటె, ఇంటిల్లిపాది చెవులు నిక్కబొడుచుకొని విన్నరు. "సుగుణా, ఇన్నేండ్లు నువ్వు నన్ను ఒకటో నంబరుగ చూసుకున్నవు, నేనే తెలుసుకోలేదు, మనసుల పెట్టుకోకు, ఇంటికి పోదాం పా" అన్న. ఆమె కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. కొంగుతోని తుడుచుకొని బయలెల్లింది. పద్ధతంటె ఇది. నేను జవాబుల రాసింది రాసినట్టే చేసిన.

ఫొటో జర పెద్దగనే వెయ్యి. ఆ పత్తి బజారోళ్ళు నన్ను పదో నంబరని పదులేసిన్రు గదా, వాళ్ళకు గూడ ఒకటో రెండో పత్రికలు పంపిస్త. చూసుకోనీ.

ఇట్లు,
మొదటి స్థానం వెంకట్రాజం

తా.క. జాడీ అటక మీదనే ఉన్నది. మీ అమ్మకు ఒకటో నంబరు.


వరంగల్,
16 ఏప్రిల్ 1983

విజయలక్ష్మికి, సుగుణ రాస్తున్నది.

ఆయన నిన్ను చెల్లె అన్నడు గనుక నువ్వు నాకు ఆడబిడ్డవు. ఆడబిడ్డకు ఇంటి గుట్టు రాయొద్దంటరు గాని నువ్వు పత్రికల పనిచేస్తానవు, నిజం తెలిసి ఉండాలె.

ఉగాది పత్రిక వచ్చింది. ఆయన ఫొటో చూసి బజారంత సంబురపడ్డది. నాకు కొత్త చీర గూడ వచ్చింది. అంత మంచిగనే ఉన్నది. కాని నువ్వు నా కార్డు మళ్ళ ఒకసారి తీసి చూడు. ఆ పరకాల పిల్లగానికి నేను ఎనిమిదేసిన. ఇంకొకరికి ఆరేసిన. ఒకటో నంబరు సరుకని లెక్క చేసినదాన్నైతె, ఎనిమిదో నంబరు ఎక్కడ దొరికింది నాకు? కూపను నాకు ఎవరు కత్తిరించి ఇయ్యలేదు. పత్రిక నేనే కొనుక్కున్న, కింద చిన్న అక్షరాలు గూడ చదివిన, అద్దాలు పెట్టుకొని చదివిన. పదికి ఎన్ని అని అడిగితె, పదికి ఒకటి అని వేసిన. తెలిసే వేసిన.

ఎందుకంటవా? "పెండ్లయిన కాడి నుంచి ముందుగాల నేనే మాట్లాడుతాన" అని అచ్చేయించుకున్నడు గదా. నా మనసు మండింది. ఇన్నేండ్లల్ల ఎన్ని లొల్లులైనయో, ఒక్కసారన్న ఆ మనిషి ముందుగాల నోరు విప్పితె ఒట్టు! ప్రతిసారి నేనే "బువ్వ పెట్టాల్నా" అని అడిగిన. ఊరందరికి తీర్పు చెప్తడు, ఇంట్ల తలుపు దిక్కు చూసుకుంట కూసుంటడు. ఆ ఒక్క మార్కు గూడ చేతిరాత మంచిగున్నదని వేసిన.

ఈసారి నేనూ అడుగదలుచుకోలేదు. పరకాల పోయి కూసున్న. రాడనుకున్న. రాకుంటె ఎట్ల అని లోపల భయం గూడ పడ్డ, అబద్ధం ఎందుకు? అటువంటిది, ఆయన వచ్చిండు. నీకు ఏదో పెద్ద మాట మాట్లాడిన్నని రాసిండట గదా, నాకు చదివి వినిపించిండు. అదంత బస్సుల అనుకున్నడేమో. గుమ్మంల నిలబడి, చెమటలు తుడుచుకొని, మా అన్న దిక్కు చూడకుంట, నా దిక్కు చూడకుంట, ఆయన ముందుగాల అన్న మాట ఇది: "పచ్చడి జాడీ ఏడ పెట్టినవ్?"

కాని ముందుగాల ఆయనే అన్నడు. నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. నేను కొంగు కట్టుకొని బయలెల్లిన. అది మాత్రం నిజమే రాసిండు.

అందుకని నీకు రాసేది ఏందంటె, నా కార్డు మీద ఆయన పేరు కాడ ఒకటి కొట్టేసి ఆరు వెయ్యి. మిగిలిన నాలుగు, ఇంకోసారి లొల్లయినప్పుడు చూసి వేస్త.

ఇట్లు,
నీ వదినె సుగుణ

తా.క. ఆరు సంగతి ఆయనకు చెప్పకు. ఆరో నంబరు అనుకొని మళ్ళ హోటల్ల తింటడు.